దేవుని దయ ఎవరి మీద ఉన్నట్టు?

డిసెంబర్ 31 రాత్రి ఏ తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్లినా ఇంచుమించు ఒకటే సందడి. వాచ్‌నైట్ సర్వీసుకని కొత్త బట్టలు వేసుకొచ్చిన పిల్లలు పదకొండయ్యేసరికి చాపల మీదే నిద్రపోతుంటారు. పన్నెండు కొట్టే ముందు వాళ్లను లేపి, ముఖం తుడిచి, మోకాళ్ల మీద కూర్చోబెడతారు. ప్రార్థన ముగిశాక ఒకరికొకరు వందనాలు చెప్పుకుని, అందరూ వరసలో నిలబడి, పళ్లెంలోని వాగ్దాన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకుంటారు. కార్డు మీదున్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట. అది బీరువా అద్దానికో, దుకాణంలో గల్లాపెట్టె మీదో, ఫోన్ కవరు వెనకో సంవత్సరమంతా ఉంటుంది.

వాక్యాన్ని అలా కళ్లెదుట ఉంచుకోవడం మంచి అలవాటు. మా ఇంట్లోనూ పాత కార్డులు బైబిల్లో దాచి ఉన్నాయి. నేను అడుగుతున్నది వేరే సంగతి. ఆ పళ్లెంలో ఎలాంటి వాక్యాలు పెడుతున్నాం? "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్నది తప్పకుండా ఉంటుంది. వర్ధిల్లజేయడం, విస్తరింపజేయడం, హెచ్చించడం గురించిన వాక్యాలు ఉంటాయి. "లోకములో మీకు శ్రమ కలుగును" అన్న కార్డు మీలో ఎవరికైనా వచ్చిందా? అది కూడా ప్రభువు నోటి మాటే. దాని వెంటనే "అయినను ధైర్యము తెచ్చుకొనుడి" అని కూడా ఉంది. అయినా దాన్ని అచ్చు వేయించేవాళ్లు లేరు, కావాలని అడిగేవాళ్లూ లేరు.

దేవుని దయను వెదకడం క్రైస్తవుడి రోజువారీ పని. అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ దయ దొరికిందో లేదో చూసుకోవడానికి మనం పట్టుకున్న కొలత తప్పు. మనకు జరిగిన మేలును బట్టి, అందులోనూ పక్కవాళ్లకు జరగకుండా మనకు మాత్రమే జరిగిన మేలును బట్టి దాన్ని కొలుస్తున్నాం. ఆ కొలత వల్ల మన మధ్యే కూర్చున్న కొందరు లోలోపల విరిగిపోతున్నారు.

సాక్ష్యాల సమయాన్నే తీసుకోండి. ఆదివారం పాటలయ్యాక, వాక్యానికి ముందు, "దేవుడు చేసిన మేలు చెప్పుకునేవాళ్లు లేవండి" అంటారు. ఎవరు లేస్తారు? కొడుక్కి వీసా వచ్చినవాళ్లు, కూతురికి సంబంధం కుదిరినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు, రెండోసారి స్కాన్ తీస్తే గడ్డ కనిపించనివాళ్లు. వాళ్ల సంతోషం నిజం. దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం న్యాయం. అదే మందిరంలో పెళ్లయి పదేళ్లయినా పిల్లలు లేని ఆమె ఉంటుంది. అప్పులకు పొలం అమ్ముకున్నాయన ఉంటాడు. వాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని మిగతా అందరితో పాటు చప్పట్లు కొడతారు. వాళ్ల దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదని సంఘం అనుకుంటుంది. కొన్నాళ్లకు వాళ్లూ అదే అనుకుంటారు.

నేను నర్సుని. ప్రకాశం జిల్లాలో పిల్లల వార్డులో పనిచేస్తాను. వానాకాలం దాటే రోజుల్లో మా వార్డు డెంగీ కేసులతో నిండిపోతుంది. కొన్నేళ్ల కిందట అలాంటి సీజన్‌లోనే మా సంఘానికి చెందిన ఇద్దరు పిల్లలు వారం తేడాతో వచ్చారు. ఇద్దరూ మగపిల్లలే, ఇంచుమించు ఒకే ఈడు. మొదటి బాబు తండ్రికి టౌన్‌లో ఎరువుల దుకాణం ఉంది. జ్వరం వచ్చిన రెండో రోజే రక్తపరీక్ష చేయించి, రిపోర్టు చేతిలో పట్టుకుని కారులో తీసుకొచ్చాడు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, అయినా గంట గంటకూ చూసుకుంటూ సెలైన్ ఎంత ఎక్కించాలో అంతే ఎక్కించాం. బాబు లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు.

రెండో బాబు అమ్మానాన్నలు కూలికి వెళ్లేవాళ్లు. అప్పుడు పనులు ఉన్నాయి. పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు మిగిలే ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ సూది వేస్తే జ్వరం తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉంది. అయిదో రోజుకు పూర్తిగా తగ్గిపోయింది. తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. జ్వరం దిగాక కొందరిలో రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. ఆ బాబుకు కడుపునొప్పి, వాంతులు మొదలైతే తిన్నది పడలేదనుకున్నారు. ఎవరిదో ఆటో దొరికి మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. నరం దొరకడమే కష్టమైంది. తెల్లవారేలోపు పోయాడు.

తర్వాత కొన్ని వారాలకు మొదటి బాబు తండ్రి సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "దేవుని దయ మా కుటుంబం మీద ఉంది. మేం దశమ భాగం ఏనాడూ ఆపలేదు. ఉపవాసం ఉండి దేవుని జవాబు కోసం కనిపెట్టాం. మా బాబును దేవుడు మరణపు నోట్లోంచి లాగేశాడు" అన్నాడు. "స్తోత్రం, హల్లెలూయా" అని మందిరమంతా మోగింది. ఆడవాళ్ల వైపు గోడ దగ్గర రెండో బాబు తల్లి కూర్చుని ఉంది. పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. ఒక్క సంగతి చెప్పాలి. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. ఆ నెల ఆమె ఇంటికి బియ్యం బస్తా పంపింది ఆయనే. ఆమెను నొప్పించాలని ఆయన అనలేదు. మనందరం ఏళ్ల తరబడి నేర్చుకున్న మాటలనే ఆయన అన్నాడు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆమె నన్ను ఆపింది. "సిస్టరమ్మా, మేమూ ప్రార్థన చేశాం కదా" అంది. ఇంకేమీ అనలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దేవుని దయ గురించి ఎవరూ ప్రసంగం చేయకూడదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఆ సాక్ష్యంలో ఒక తీర్పు ఉంది. మా ఇంటి మీద దయ ఉంది కాబట్టి మా బిడ్డ బతికాడు అన్నప్పుడు, చనిపోయిన బిడ్డ ఇంటి మీద అది లేదని అన్నట్టే. ప్రభువు ఈ మాటను తన రోజుల్లోనే ఖండించాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఆయనే ఎత్తాడు. యెరూషలేములో ఉన్నవాళ్లందరి కంటే వాళ్లు ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కారని తేల్చి చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు కూడా ఇదే జవాబు. దేవుడు చెడ్డవారి మీదా మంచివారి మీదా తన సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడని కొండమీది ప్రసంగంలో చెప్పింది కూడా ఆయనే.

ఇంకో సంగతి కూడా ఉంది, నర్సుగా నాకు అది మరీ బాధ. ఆ ఇద్దరు పిల్లల మధ్య తేడా ఏమిటో నాకు తెలుసు. ఒకరు రెండో రోజు వచ్చారు, ఒకరు అయిదో రోజు దాటాక వచ్చారు. ఒక ఇంట్లో కారు ఉంది, ఇంకో ఇంట్లో మేస్త్రీ అడ్వాన్సు ఉంది. ఒక ఇంటి వీధిలో ల్యాబ్ ఉంది, ఇంకో ఊళ్లో ఆర్ఎంపీ తప్ప ఎవరూ లేరు. దీన్నంతా దేవుని దయ అని ఒక్క మాటలో చుట్టేస్తే ఆ మేస్త్రీ గురించి, ఆ ఊరి రోడ్డు గురించి, జ్వరం తగ్గిన రోజే జాగ్రత్తగా ఉండాలని ఆ కాలనీలో ఎవరూ ఎందుకు చెప్పలేదన్న దాని గురించి ఇక మాట్లాడే పని ఉండదు. మన బాధ్యతను దేవుని మీదికి నెట్టేసి, పైగా దానికి స్తోత్రం చెబుతాం.

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. డాక్టర్లు ఆశ వదులుకున్న పిల్లలు నడిచి ఇంటికి వెళ్లడం చూశాను, అప్పుడు నా నోట వచ్చే మొదటి మాట స్తోత్రమే. నాకు అభ్యంతరం స్వస్థత మీద కాదు, దాన్ని మన అర్హతకు రుజువుగా చూపించడం మీద.

మన కొలతను బైబిల్లోని వాళ్లకు పెట్టి చూడండి. యోసేపుకు చెరసాల అధిపతి దృష్టిలో దేవుడు కటాక్షం కలుగజేశాడని ఆదికాండం 39వ అధ్యాయం చెబుతుంది. కటాక్షం కలిగింది చెరసాల లోపల. ఆ తర్వాత కూడా బయటపడలేదు. చెరసాలలో అతని వల్ల మేలు పొందిన పానదాయకుల అధిపతి బయటికి వెళ్లాక అతణ్ణి మరిచిపోయాడు, రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఒక ఆదివారం యోసేపు మన మందిరానికి వస్తే సాక్ష్యం చెప్పమని ఎవరు పిలుస్తారు? "దయాప్రాప్తురాలా" అని దూత పలికిన మరియకు ఆ దయ వల్ల ఏం వచ్చింది? పెళ్లి ఆగిపోయే పరిస్థితి, పశువుల తొట్టి, పసిబిడ్డతో ఐగుప్తుకు పరుగు. దేవాలయంలో సుమెయోను బిడ్డను ఎత్తుకుని ఆశీర్వదించి, ఖడ్గం నీ హృదయంలోకి దూసుకుపోతుందని ఆ తల్లితోనే అన్నాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్నాడు ప్రభువు. ఇక గెత్సేమనేలో యేసు అడిగిన ప్రార్థన సంగతి మనకు తెలిసిందే. తండ్రికి ఇష్టుడైన కుమారుడే అడిగినా ఆ గిన్నె తొలగిపోలేదు.

రూతు కథ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. దేవుని దయను రోజువారీ బతుకులో వెదకడం అంటే ఏమిటో దానికంటే దగ్గరగా చూపించే చోటు నాకు తెలియదు.

ముందుగా నయోమి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబులో పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగి వచ్చింది. ఊరంతా గుమిగూడితే ఆమె చెప్పిన సాక్ష్యం ఇది: నన్ను నయోమి అనకండి, మారా (చేదు) అనండి, నిండుగా వెళ్లినదాన్ని యెహోవా వట్టి చేతులతో తిరిగి తీసుకొచ్చాడు. ఎవరూ ఆమె నోరు మూయించలేదు. అలా మాట్లాడితే అవిశ్వాసం అవుతుందని పెద్దలు గద్దించలేదు. ఆ చేదు మాటను పరిశుద్ధ గ్రంథం ఉన్నదున్నట్టు దాచుకుంది. మన సంఘాల్లో నయోమి నిలబడి మాట్లాడగలిగే చోటు ఉందా అన్నది నా ప్రశ్న.

తర్వాత ఆమె కోడలు రూతు. "ఎవని కటాక్షము పొందగలనో వాని వెనుక" పరిగె ఏరుకుంటానని అత్తను సెలవడిగి బయలుదేరింది. ఎవరి పొలమో తెలియదు. పరదేశి, విధవరాలు, కోతవాళ్ల మధ్య ఒంటరి ఆడది.

పరిగె ఏరడం అంటే ఏమిటో మా నాయనమ్మ చెబితే తెలిసింది. ఆవిడ చిన్నతనమంతా ఆ పనే. కోత కోసి, కట్టలు కట్టి మోసుకెళ్లాక కొయ్యకాళ్ల మధ్య రాలిన కంకులు ఒక్కొక్కటీ ఏరి ఒళ్లో వేసుకోవాలి. కొయ్యకాళ్లు అరికాళ్లకు గుచ్చుకుంటాయి. పొద్దు గూకేదాకా వంగే ఉంటే నడుం లేవదు. అన్నిటికంటే భయం రైతు మనిషిదట. కావాలని కంకులు తుంచావని తిట్టి, ఒళ్లో ఉన్నది నేల మీద పోయించేవాళ్లు కొందరు. ఒకే ఒక్క రైతు మాత్రం కోతవాళ్లతో "కాస్త రాలనీయండ్రా, వెనక పిల్లలున్నారు" అనేవాడట. "ఆయన పొలంలో అయితే భయం ఉండేది కాదే అమ్మా" అనేది నాయనమ్మ. చదువు రాని మనిషి, ఎనభై దాటాక కూడా ఆయన పొలం గట్టు ఎటు ఉండేదో చేత్తో చూపించేది.

రూతు ఏరుకున్న పొలం యజమాని బోయజు చేసింది సరిగ్గా అదే. మిగతా పనివాళ్లు ఆమెను ముట్టకూడదని చెప్పాడు. దాహమైతే పనివాళ్లు చేది పెట్టిన నీళ్లు తాగమన్నాడు. భోజనం వేళ కోతవాళ్ల పక్కన కూర్చోబెట్టి పేలాలు అందించాడు. పనల మధ్యలో కూడా ఏరుకోనివ్వండి, కావాలని పిడికెళ్లు వదలండి, ఆమెను అవమానపరచవద్దు అని పనివాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. సాయంత్రానికి దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. పొలం అంచుల దాకా కోయకూడదని, రాలింది ఏరుకోకూడదని, దాన్ని బీదలకూ పరదేశులకూ వదలాలని లేవీయకాండం 19వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. అంటే రూతుకు దొరికిన కటాక్షంలో సగం అంతకు ఎన్నో తరాల ముందే దేవుడు ఆమె కోసం రాయించి పెట్టిన హక్కు. మిగతా సగం ఆ ఆజ్ఞను పిసినారితనం లేకుండా, అడిగినదానికంటే ఎక్కువగా పాటించిన ఒక రైతు మనసు. రూతు దేవుని దయను వెదికింది. దేవుడు దాన్ని బోయజు పొలంలో ఉంచాడు. బోయజు ఆ రోజు అంచుల దాకా కోయించి ఉంటే ఆమె ప్రార్థనకు జవాబు ఎక్కడ దొరికేది?

ఈ ప్రశ్నే నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. మనం ప్రతి ఆదివారం రూతు స్థానంలో నిలబడి ప్రార్థన చేస్తాం. మనలో చాలామందిమి, ముఖ్యంగా జీతాలు వచ్చే మాలాంటివాళ్లం, ఎప్పుడో బోయజు స్థానంలోకి వచ్చేశాం. మన ఇంట్లో పనిచేసే అమ్మాయికి జ్వరం వస్తే జీతం కోయకుండా సెలవిస్తామా లేదా అన్నది ఆమె ఆ ఉదయం చేసిన ప్రార్థనకు సంబంధించిన సంగతి.

ఈ విషయంలో మా ప్రాంతపు సంఘాలకు సొంత చరిత్ర ఉంది, దాన్ని మరిచిపోతున్నాం. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ పని, కూలి దొరికాయి. వాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చి చేరారన్న మాట రాకూడదనుకున్నారు. సాయం ఆగాక కూడా వాళ్లు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

ఆ 2,222 సంఖ్యను మన వార్షికోత్సవాల్లో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఆ ఏడాది గురించి ఎవరూ చెప్పరు. నాకు మాత్రం ఆ ఏడాదే ముఖ్యం. ఆకలిగా ఉన్నవాడికి పని ఇవ్వడానికి విశ్వాసం షరతు కాలేదు. విశ్వాసానికి కూలి ఎర కాలేదు. వరసగా రెండేళ్లు పంట పోయినవాళ్లు, కళ్ల ముందు జనం చస్తుంటే చూసినవాళ్లు, ఇక చేతికి వచ్చేది ఏమీ లేదని తెలిశాక ఏట్లోకి దిగారు. కార్డు మీద "తలగా నియమించును" అని రాసి ఉన్నందుకు దిగినవాళ్లు కారు.

ఇప్పుడు కొన్ని సభల్లో, కొన్ని టీవీ ప్రసంగాల్లో జరుగుతున్నది దానికి పూర్తిగా తిరగబడిన పని. కానుకను విత్తనం అంటారు. ఇంత విత్తితే ఇంత కోస్తావంటారు. మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం చదివి, దశమ భాగం తెస్తే ఆకాశపు వాకిళ్లు విప్పుతానని దేవుడే అన్నాడంటారు. ఆ మాట అక్కడ ఉంది, నేనూ దశమ భాగం ఇస్తాను. అదే అధ్యాయంలో 5వ వచనం కూడా చదవాలి కదా. కూలివాళ్లనూ విధవరాళ్లనూ తండ్రి లేనివాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద, పరదేశులకు అన్యాయం చేసేవాళ్ల మీద నేనే సాక్ష్యం పలుకుతానంటున్నాడు దేవుడు. సాక్ష్యం చెప్పేది ఈసారి ఆయన. కూలి ఎగ్గొట్టి, ఆ డబ్బులోంచి పదో వంతు పళ్లెంలో వేసి, వాకిళ్లు తెరవమని అడిగితే ఆయన ఏ వచనం వింటాడు?

ఇక్కడ నాతో వాదించేవాళ్లు ఉంటారు, వాళ్ల వాదనలో బలం ఉంది. "నీకు నెలకు జీతం వస్తుంది కాబట్టి ఇలా మాట్లాడుతున్నావు. మాకు ఉద్యోగం కావాలి, ఇల్లు కావాలి, దేవుణ్ణి అడక్క ఎవరిని అడుగుతాం?" అంటారు. నిజమే. డీఎస్సీ హాల్ టికెట్‌ను అయ్యగారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించుకునే అమ్మాయిని అత్యాశపరురాలు అనే హక్కు ఎవరికీ లేదు. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద షెడ్యూల్డు కులాల హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు మాత్రం ఈ రోజుకీ లేదు. కాగితం మీద క్రైస్తవులని రాసుకుంటే బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషనే. పల్లెలో వివక్ష మాత్రం కాగితం చూసి తగ్గదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఉద్యోగం కోసం చేసే ప్రార్థన "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నదే. అది ప్రభువు నేర్పిన ప్రార్థన.

అడగడం తప్పని నేను అనడం లేదు. పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యా ఎలా అడిగాడో చూడండి. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు వినగానే ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజుతో మాట్లాడే సందు దొరికేసరికి నాలుగు నెలలు పట్టింది. ఏమి కావాలని రాజు అడిగిన క్షణంలో లోపల ప్రార్థన చేసుకుని, నోటితో లెక్కగా చెప్పాడు. ఎన్నాళ్లు పడుతుందో, ఏ ఏ అధికారులకు లేఖలు కావాలో, అడవిని కాసే ఆసాపు దగ్గర ఎంత కలప కావాలో అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. దేవుని హస్తం తోడుంది కాబట్టి రాజు ఇచ్చాడని రాసుకున్నాడు. ఉపవాసానికీ దరఖాస్తుకూ మధ్య అతనికి గొడవ కనిపించలేదు.

నాకు ఇంకా నచ్చేది 5వ అధ్యాయం. గోడ కడుతుండగానే బీదవాళ్లు వచ్చి గోలపెట్టారు. పొలాలు తాకట్టులో ఉన్నాయి, పిల్లలు దాస్యానికి పోతున్నారు, అప్పిచ్చినవాళ్లు మన సొంత జనమే అన్నారు. నెహెమ్యాకు చాలా కోపం వచ్చింది. ప్రధానులను నిలబెట్టి పొలాలూ ఇళ్లూ తిరిగి ఇప్పించాడు. అధికారిగా ఉన్న 12 సంవత్సరాలూ తనకు రావలసిన భత్యం తీసుకోలేదు. దయ పొందినవాడు ఆ దయతో చేసిన పని అది. మన దగ్గర ఉద్యోగం వచ్చాక సాక్ష్యం అయిపోతుంది. అక్కడ ఉద్యోగం వచ్చాకే మొదలైంది.

ఇక నా డ్యూటీ సంగతి. వార్డులోకి వెళ్లే ముందు 90వ కీర్తన చివరి వచనం చెప్పుకుంటాను. దేవుని ప్రసన్నత మా మీద ఉండాలని, మా చేతిపనిని స్థిరపరచమని అడిగే ప్రార్థన అది. ఆ ప్రార్థన చేసిన రోజుల్లో పిల్లలు బతికారు. అదే ప్రార్థన చేసిన రోజుల్లో పిల్లలు పోయారు. కాబట్టి ఫలితాన్ని చూసి ఆ రోజు దేవుడు నా పక్షాన ఉన్నాడో లేడో తేల్చుకోవడం ఎప్పుడో మానేశాను. మోతాదు రెండోసారి చూశానా, రాత్రి మూడింటికి ఆ తల్లి నాలుగోసారి పిలిస్తే విసుక్కోకుండా లేచానా, డబ్బున్నవాళ్ల పిల్లాడి మంచం దగ్గరా లేనివాళ్ల పిల్లాడి మంచం దగ్గరా ఒకేలా నిలబడ్డానా అని అడుగుతాను. చేతిపనిని స్థిరపరచమంటే నాకు అర్థమైంది ఇది. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో దేవుని ఎదుట ప్రవర్తించడం అని మీకా ప్రవక్త చెప్పిన మూడూ ఒక్క నైట్ డ్యూటీలో కావలసి వస్తాయి.

ఆ బాబు పోయిన తర్వాతి వానాకాలం నుంచి మా సంఘంలో కొందరం ఆడవాళ్లం ఆదివారం ఆరాధన అయ్యాక కాలనీలకు వెళ్తున్నాం. డెంగీ దోమ మురుగులో కాదు, మంచినీళ్లలో పుడుతుంది, పగలు కుడుతుంది. ఆ కాలనీలో నీళ్లు రోజూ రావు కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ములుంటాయి. వాటిని వారానికోసారి ఖాళీ చేసి, లోపలి అంచు పీచుతో రుద్ది కడగాలి. గుడ్లు ఆ అంచుకే అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోయమంటే మొదట్లో అందరూ కోప్పడ్డారు. రెండు రోజులకోసారి వచ్చే నీళ్లను ఎవరు పారబోస్తారు? అందుకే ఆ నీళ్లతోనే బట్టలు ఉతికేసి, ట్యాంకర్ వచ్చే ముందు కడగమని చెప్పడం నేర్చుకున్నాం. జ్వరం తగ్గిన రోజు కడుపునొప్పి, వాంతులు, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయమంటాం. కూలి పోతుందని ఆగేవాళ్ల కోసం స్త్రీల సమాజం కానుకల్లోంచి ఒక రోజు కూలి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఎవరి మతం ఏమిటని అడగం. ఆ నిధిలో మొదట డబ్బు వేసింది ఎరువుల దుకాణం ఆయన.

"ఇదంతా ఆరోగ్య శాఖ పని కదమ్మా, ఆ సమయంలో ప్రార్థన కూడిక పెట్టుకోవచ్చు కదా" అని మా సంఘపెద్ద ఒకాయన అన్నారు. ఆయన ప్రార్థనాపరుడు, ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోను. కూడిక గురువారం ఉంది, ఆపలేదు, అందులో ఆ కాలనీ పిల్లల పేర్లు చదివి ప్రార్థన చేస్తున్నాం. ఆ పేర్లు తెలిసింది గడప గడపకూ తిరిగినందువల్లే. తిరగకుండా ప్రార్థన చేస్తే "బీదలను దీవించు దేవా" అని ఊరుకునేవాళ్లం.

సాక్ష్యాల సమయం గురించి పాస్టర్ అయ్యగారితోనూ అమ్మగారితోనూ కూర్చుని మాట్లాడాను. మేలు పొందినవాళ్లతో పాటు ఇంకా జవాబు కోసం కనిపెడుతున్నవాళ్లనూ, పోగొట్టుకున్నవాళ్లనూ పేరు పెట్టి పిలవాలని, వాళ్లు మాట్లాడాక ఎవరూ వాక్యంతో సరిదిద్దకూడదని అడిగాను. అయ్యగారు ఒప్పుకున్నారు. మొదటి ఆదివారం ఎవరూ లేవలేదు. తర్వాత ఒకాయన లేచి, కిడ్నీ డయాలసిస్ మీద ఉన్నానని, స్వస్థత రాలేదని, వారానికి రెండుసార్లు తన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్తున్న తమ్ముడి కోసం దేవునికి వందనాలని చెప్పి కూర్చున్నాడు. స్తోత్రం అనాలో వద్దో జనానికి ఒక్క క్షణం తెలియలేదు, ఆ తర్వాత అన్నారు.

ఆ తల్లి ఇంతవరకు లేవలేదు. లేవమని ఎవరూ ఆమెను బతిమాలకూడదని కూడా అయ్యగారితో చెప్పాను. కాలనీకి మాత్రం మాతో వస్తుంది. డ్రమ్ములో టార్చి వేసి చూసేది ఆమే.